సర్ ఆర్థరు కాటను: ప్రభుత్వ బిరుదములు, ప్రజల మన్నన

ప్రజలకు మేలు చేసినవారిని ప్రభుత్వములు గౌరవించుట అన్ని కాలములందును కలదు. పూర్వము రాజులు అగ్రహారములను, మాన్యములను ఇచ్చిరి. నవాబులు ఖిల్లతులను, జాగీరులను ఇచ్చిరి. ఆంగ్లేయులు సర్ అనియు, రావు బహదూరనియు బిరుదము లిచ్చిరి. స్వతంత్ర భారతము పద్మ పురస్కారముల నిచ్చుచున్నది. అయితే బిరుదము నందుకొన్నవారందరును జనుల నోట నిలువలేదు. నిలిచిన కొలదిమందిలో సర్ ఆర్థరు కాటను ఒకడు. పరదేశీయుడయ్యును, పాలించువారి ఉద్యోగి యయ్యును, గోదావరి ప్రజలకు ఆయన కాటన్ దొరగా ఆత్మీయు డయ్యెను. ధవళేశ్వరమున ఆయన కట్టిన ఆనకట్టను ఎరుగనివారు లేరు. కాని మన భద్రాచలము సీమలో, దుమ్ముగూడెమువద్ద, ఆయన తలపెట్టి నెరవేరకపోయిన పనిని ఎరిగినవారు తక్కువ. ఆ రెండింటిని కలిపి చూచిననే ఆయన జీవితమును, ఆయనకు జరిగిన సన్మానముల విలువను తెలిసికొనగలము.

ఆర్థరు కాటను 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటనుకు పదునొకండుగురు కుమారులు. వారిలో ఈయన పదవవాడు. పదునైదవ యేట అడిస్కంబులోని ఈస్టిండియా కంపెనీవారి సైనిక విద్యాలయమున చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగము పొంది, 1821లో మన దేశమునకు వచ్చెను. 1824 నుండి 1826 వరకు జరిగిన బర్మా యుద్ధమున పాల్గొనెను. అటుపిమ్మట ఆయనకు కావేరీ నది పనులు అప్పగింపబడెను. ఆయన జీవితమునకు దారి చూపినది ఆ నదియే.

కావేరిపై చోళరాజుల కాలమునాటి కల్లణై అను ప్రాచీనమైన ఆనకట్ట యున్నది. అడుగున రాయి తగులని ఇసుక నేలమీద అది శతాబ్దములపాటు చెక్కుచెదరక నిలిచి యుండుట చూచి కాటను ఆశ్చర్యపడెను. ఇసుకమీద కట్టడము నిలువదని ఐరోపా ఇంజనీర్లు తలచుచుండిన కాలమది. ఈ దేశపు పూర్వులు చేసి చూపిన దానినే ఆయన గురువుగా స్వీకరించి, 1836లో కొల్లడము నదిపై రెండు ఆనకట్టలు కట్టించెను. దానితో తంజావూరు సీమ పచ్చబడెను. ఎండలో, జ్వరములలో పనిచేయుటచే ఆరోగ్యము చెడి, ఆయన కొంతకాలము సెలవుపై టాస్మేనియాకు పోయి, అచ్చటనే 1841లో ఎలిజబెత్ లెర్మంత్ అను కన్యను వివాహమాడెను. మరల వచ్చునప్పటికి గోదావరి జిల్లా శిథిలావస్థలో నుండెను.

ఆనాటి గోదావరి సీమ నేటి కోనసీమ కాదు. నది నిండుగా పారుచుండెను. నీరు మాత్రము సముద్రము పాలగుచుండెను. వానలు కురియనియేడు కరువు, కురిసినయేడు వరద. 1832-33లో వచ్చిన నందన కరువును జనులు డొక్కల కరువని పిలిచిరి. 1839లో కోరంగి తీరమున పెనుతుపాను వచ్చెను. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగిపోయెను. చచ్చినవారు చావగా, బ్రదికినవారు ఊళ్ళు విడిచిపోయిరి. జిల్లా స్థితిని విచారించుటకై ప్రభుత్వము పంపిన హెన్రీ మాంట్‌గోమరీ, నీటివసతి కలిగించుట తప్ప వేరు మార్గము లేదనియు, ఆ పనికి కాటను తగినవాడనియు తెలియజేసెను. కాటను నదిని, కాలువలకు వీలైన పల్లములను పరీక్షించి, 1844లోను 1845లోను నివేదికలు పంపెను. 1846 తుదిని లండనులోని కంపెనీ డైరెక్టర్ల అంగీకారము లభింపగా 1847లో పని మొదలయ్యెను.

ధవళేశ్వరమువద్ద గోదావరి వెడల్పు సుమారు నాలుగు మైళ్ళు. నడుమ లంకలు ఉండుటచే ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట కట్టవలసివచ్చెను. నాలుగింటి మొత్తము పొడవు సుమారు రెండుంబావు మైళ్ళు. ఇసుకలో నూతులు దింపి, వానిపై రాతికట్టడము లేపిరి. ధవళేశ్వరపు కొండరాయిని తెచ్చుటకు పట్టాలు వేసి బండ్లు నడిపించిరి. వేలకొలది కూలీలు పనిచేసిరి. కోరినంతమంది ఇంజనీర్లను ప్రభుత్వ మీయలేదు. నడుమ 1848లో కాటను జబ్బుపడి రెండేండ్లు దూరముగా నుండవలసివచ్చినప్పుడు కెప్టెన్ ఆర్ అను అధికారి పని సాగించెను. తుదకు 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. గన్నవరమువద్ద గోదావరి పాయమీదుగా కాలువను దాటించు అక్విడక్టును హేగ్ అను యువ ఇంజనీరు కట్టెను. ఈ హేగు పేరును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. మన అడవులకు వచ్చినవాడు ఇతడే.

ఈ పనిలో కాటనుకు కుడిభుజముగా నిలిచినవాడు రాజమహేంద్రవర నివాసి వీణెము వీరన్న. కూలీలను సమకూర్చుట, వారి తిండి, వసతులు చూచుట, తగవులు తీర్చుట, పని నిలువకుండ నడిపించుట అతని వంతు. దొరల మాట కూలీలకును, కూలీల కష్టము దొరలకును తెలియజెప్పగలవాడు అతడొక్కడే. వీరన్న లేనిదే పని అంత త్వరగా ముగిసెడిది కాదని కాటను ప్రభుత్వమునకు దాపరికము లేక తెలిపెను. వీరన్నకు రాయబహదూరు బిరుదము లభించెను. తనకు రావలసిన కీర్తిలో తన క్రింది ఉద్యోగికి పాలు పంచి యిచ్చుట ఆనాటి అధికారులలో అరుదు. కాటను గుణములలో దీనిని ముందు చెప్పుకొనవలెను.

ఆనకట్ట ఫలితము అచిరకాలముననే కనబడెను. లక్షలకొలది ఎకరములు మాగాణియయ్యెను. కాలువలలో పడవలు నడిచెను. విడిచిపోయిన ఊళ్ళకు జనులు తిరిగివచ్చిరి. ప్రభుత్వమునకు శిస్తు పెరిగెను. పాలకులు ఈ పనిని మెచ్చుకొనుటకు ఈ శిస్తుకూడ ఒక కారణమని మరువరాదు. కాటను మాత్రము శిస్తును గూర్చియే ఆలోచించినవాడు కాడు. 1854లో ప్రకటించిన తన గ్రంథమున, ఈ దేశమున నీటిపనులను ఉపేక్షించుట పాలకుల పెద్ద తప్పు అని నిర్మొగమాటముగా వ్రాసెను.

ఇక మన సీమకు సంబంధించిన కథ. నీరు పంటకే గాక రవాణాకును ఉపయోగపడవలెనని కాటను నమ్మిక. రైలుమార్గముకంటె జలమార్గము చౌకయని ఆయన వాదము. బీరారు, నాగపురపు ప్రత్తిని, అడవుల కలపను పడవలపై సముద్రతీరమునకు చేర్చవచ్చునని ఆయన తలచెను. అడ్డముగా నదీమార్గమున మూడుచోట్ల రాతి మిట్టలు ఉండెను. మొదటిది దుమ్ముగూడెము, రెండవది ఇంద్రావతి సంగమ సమీపమున ఇచ్చంపల్లి, మూడవది ఇంకను ఎగువన దేవలమర్రి. ఆ యా చోట్ల ఆనకట్టయు, లాకులతో ప్రక్కకాలువయు కట్టినచో పడవలు మిట్టలను తప్పించుకొని పోగలవు.

ఈ పనికి హేగు వచ్చెను. 1860లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు నిజామునుండి ఆంగ్లేయుల వశమై, తరువాత మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో చేర్పబడెను. ఆ పరగణాల చీఫ్ కమిషనరు రిచర్డు టెంపుల్ కూడ ఈ పథకమును బలపరచెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము రేగి ఇంగ్లండు మిల్లులకు అమెరికా ప్రత్తి రాకపోగా, బీరారు ప్రత్తికి గిరాకి హెచ్చి, ఈ పనికి ఊపు వచ్చెను. పర్ణశాలకు పోవు యాత్రికులు నడచెడి ఆ అడవి ప్రాంతమున రాళ్ళు కొట్టు చప్పుడు మారుమ్రోగెను. కాని అది పల్లపు సీమ కాదు. జ్వరములకు జడిసి కూలీలు నిలువకుండిరి. తిండిగింజలు దూరమునుండి రావలెను. ఏటేట వరదలు పని కాలమును తగ్గించుచుండెను. దుమ్ముగూడెమున ఆనకట్టయు, లాకులును లేచెను. పైరెండు మిట్టలవద్ద పని పూర్తికాలేదు. ఇంతలో 1865లో అమెరికా యుద్ధము ముగిసెను. 1867లో బొంబాయినుండి రైలు నాగపురము చేరెను. ప్రత్తి రైలెక్కి పడమటికి పోయెను. 1871లో ప్రభుత్వము ఎగువ గోదావరి పనులను నిలిపివేసెను. 1874లో భద్రాచలము తాలూకా మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసెను. దుమ్ముగూడెమునకు ఇవతల, నిజాము సీమలో, 1889లో ఇల్లందు బొగ్గు గనులు ఆరంభమయ్యెను. ఆ బొగ్గుతో మన ప్రాంతమునకు కూడ రైలే వచ్చెను. కాటను వాదము ఓడిపోయెను.

బిరుదముల సంగతి ఈ ఓటమి నడుమనే జరిగినది. 1860లో కాటను ఉద్యోగము చాలించుకొని స్వదేశమునకు పోగా, 1861లో విక్టోరియా రాణి ఆయనకు నైట్ బిరుదము నొసగెను. అప్పటినుండి ఆయన సర్ ఆర్థరు అయ్యెను. 1877లో స్టార్ ఆఫ్ ఇండియా సంఘమున నైట్ కమాండరుగా నియమించెను. ఇండియాలో పనిచేసినవారికి ఇచ్చుటకై 1861లో ఏర్పరచిన సన్మానమది; నైట్ కమాండరు అందులో రెండవ తరగతి. సైన్యమున జనరల్ హోదాయు లభించెను. ఒకచేత పతకము నిచ్చిన ప్రభుత్వమే మరుసటియేడు ఆయనను ప్రశ్నింప నారంభించెను. 1878లో ఇండియాలోని ప్రజాపనులను విచారించుటకు పార్లమెంటు ఒక సంఘమును వేసెను. లార్డు జార్జి హామిల్టన్ దానికి అధ్యక్షుడు. డెబ్బదియైదేండ్ల కాటను ఆ సంఘము ఎదుట కూర్చుండి, రైళ్ళకు ధనము పోసి నీటిపనులను ఎండగట్టుట తప్పని వాదించెను. సంఘము ఆయన అభిప్రాయములను అంగీకరింపలేదు.

ఆయనను ప్రశ్నించినవారి చేతిలో ఆధారము లేకపోలేదు. ఆయన సలహాపై ఒక కంపెనీ త్రవ్వించిన కర్నూలు కడప కాలువ మిక్కిలి ధనము మ్రింగి, ఆశించిన ఆదాయము తేలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను. దుమ్ముగూడెపు పనియు నడుమ నిలిచినదే. ఖర్చును తక్కువగాను, ఫలితమును ఎక్కువగాను లెక్కించుట కాటనుకు అలవాటని విమర్శకు లనిరి. అందులో నిజము లేకపోలేదు. కాని 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును కాల్చిన ధాతు కరువులో లక్షలమంది మాడి చచ్చుచుండగా, ఆనకట్టల క్రింది గోదావరి, కృష్ణా మండలములు తాము బ్రదుకుటయే గాక ఇతరులకు ధాన్యము పంపగలిగెను. ఏ సంఘపు తీర్పుకంటెను ఆ ధాన్యమే కాటను పక్షమున గట్టి సాక్ష్యము.

కడపటి దినములను ఆయన ఇంగ్లండులోని డార్కింగు పట్టణమున గడపెను. అచ్చటను ఊరకుండక, తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించి ఎక్కువ దిగుబడికై ప్రయోగములు చేసెను. 1899 జూలై 24వ తేదీన, తొంబదియారవ యేట మరణించెను. ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను వ్రాసి 1900లో ప్రకటించెను.

కాలము మారెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప ప్రభుత్వము ఎట్టి బిరుదములను ఇయ్యరాదని శాసించెను. 1954లో భారతరత్న, పద్మ పురస్కారములు ఏర్పడెను. అవి సేవకు గుర్తులే గాని పేరు ముందు తగిలించుకొను బిరుదములు కావు. సర్ బిరుదము పొందిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1955లో భారతరత్నయయ్యెను. గ్రంథాలయోద్యమమునకు జీవితమును ధారపోసిన అయ్యంకి వెంకటరమణయ్యకు 1972లో పద్మశ్రీ లభించెను. ఊరూర పుస్తకములు చేర్చుటయు నీరు పారించుటవంటి ప్రజాసేవయే యని ప్రభుత్వము గుర్తించినట్లయ్యెను.

సర్ బిరుదమును, స్టార్ ఆఫ్ ఇండియా పతకమును ఇచ్చిన సామ్రాజ్యము నేడు లేదు. అయినను కాటను పేరు నిలిచినది. గోదావరీ స్నాన సంకల్పమున ఆయనను కొందరు పండితులు స్మరించిరని జనశ్రుతి. స్వతంత్ర భారతము పాత ఆనకట్టకు బదులు నిర్మించి 1982లో జాతికి అంకితము చేసిన బారేజీకి ఆయన పేరే పెట్టెను. ధవళేశ్వరమున ఆయన పేర మ్యూజియము కలదు. డెల్టా ఊళ్ళలో రైతులు చందాలెత్తి విగ్రహములు నిలిపిరి. ఇవి ఎవరును ఆజ్ఞాపించి చేయించినవి కావు.

వీరన్నకు బిరుదము దక్కినది. ధవళేశ్వరమున రాళ్ళు మోసినవారికి, దుమ్ముగూడెమున జ్వరములతో పనిచేసినవారికి ఏ గెజెటులోను చోటు దొరకలేదు. డెల్టాకు దక్కిన పంటనీరు ఎగువన అడవి పల్లెలకు దక్కలేదు. దుమ్ముగూడెపు కట్టడము పడవలకై తలపెట్టినది గాని పొలములకై కాదు. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడి, ఒకనాడు రెండు దొరతనముల క్రిందనుండిన గోదావరి ఒడ్డును, బొగ్గు గనుల సీమను ఒక్కటి చేసెను. కావున దుమ్ముగూడెము నేడు ఈ జిల్లావారి స్వంత చరిత్ర. పర్ణశాలకు పోవువారు దారిలో కొంచెము నిలిచి, వేసవిలో నీరు తగ్గినప్పుడు ఆ పాత రాతికట్టడమును చూడవలెను. కాటను గెలుపునకు గుర్తులు ధవళేశ్వరమున ఎన్నియో కలవు. ఆయన ఓటమికిని, పేరులేని కూలీల చెమటకును గుర్తు మన యొద్ద నున్నది.