డెన్నిస్ రిచీ: సి భాషకు అవతల

మన కాలేజీలో సి ప్రోగ్రామింగ్ అంటే భయపడేవాళ్లు ఉంటారు గానీ, దాని పేరు వినని వాళ్లుండరు. ఆ భాషను తయారుచేసిన డెన్నిస్ రిచీ అనగానే నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఆయన చెయ్యి ఉన్న ఒక ఫైల్ సిస్టమ్. మొదట్లో బాగానే పరిగెత్తి, వాడేకొద్దీ నెమ్మదించిన ఫైల్ సిస్టమ్ అది.

రిచీ 1941 సెప్టెంబరు 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. తండ్రి బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త. రిచీ హార్వర్డ్‌లో ఫిజిక్స్, ఆ తర్వాత అప్లైడ్ మ్యాథమెటిక్స్ చదివి, 1967లో తానూ బెల్ ల్యాబ్స్‌లోనే చేరారు. పీహెచ్‌డీ థీసిస్ రాశారు గానీ పట్టా మాత్రం పుచ్చుకోలేదు.

1969లో కెన్ థామ్సన్, రడ్ కెనడేలతో కలిసి ఫైల్ సిస్టమ్‌కు రూపం ఆలోచించారు. థామ్సన్ దాన్ని పీడీపీ-7 అనే చిన్న మెషీన్ మీద నడిపించారు. యూనిక్స్ అలా మొదలైంది. 1973లో యూనిక్స్ కెర్నల్‌ను రిచీ తయారుచేసిన సి భాషలో తిరగరాశారు. 1956 నాటి ఒక కోర్టు ఒప్పందం వల్ల ఏటీ అండ్ టీ కంప్యూటర్ల వ్యాపారం చేయకూడదు. అందుకని యూనిక్స్ సోర్స్ కోడ్‌తో సహా తక్కువ రుసుముకే యూనివర్సిటీలకు చేరింది.

అలా చేరిన చోట్లలో బర్క్‌లీ ఒకటి. అక్కడ ఒక విషయం బయటపడింది. కొత్తగా పెట్టిన ఫైల్ సిస్టమ్ సెకనుకు 175 కిలోబైట్ల దాకా అందించేది. కొన్ని వారాలు వాడాక అది 30కి పడిపోయేది. కోడ్‌లో ఒక్క లైను కూడా మారలేదు!

కారణం తెలియాలంటే మా రామసముద్రం నుంచి మదనపల్లె పోయే బస్సును తలుచుకోండి. ఖాళీ బస్సు ఎక్కిన ఐదుగురూ పక్కపక్కనే కూర్చుంటారు. దిగేవాళ్లు దిగి, ఎక్కేవాళ్లు ఎక్కాక, దారి మధ్యలో ఎక్కిన ఐదుగురికి ఐదు మూలల్లో సీట్లు దొరుకుతాయి. టికెట్లు కొట్టడానికి కండక్టరు ముందుకీ వెనక్కీ తిరగాల్సిందే. డిస్కులో రీడ్ హెడ్ పని అదే. ఫైళ్లు చెరుపుతూ, కొత్తవి రాస్తూ పోతే ఖాళీ బ్లాకుల జాబితా కలగాపులగమై, ఒకే ఫైల్ డిస్కంతా చెదిరిపోయేది.

బర్క్‌లీలో మొదట బ్లాకు సైజును 512 బైట్ల నుంచి 1024కు పెంచారు. వేగం రెట్టింపు దాటింది. అయినా డిస్కు సత్తాలో 4 శాతమే వాడుకోగలిగారు. తర్వాత మెక్‌క్యూసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ బ్లాకును కనీసం 4096 బైట్లు చేసి, డిస్కును సిలిండర్ గ్రూపులుగా విడగొట్టి, ఒక ఫైల్ ముక్కల్ని వీలైనంత దగ్గరగా ఉంచారు. 1984లో వాళ్లు ప్రచురించిన పేపరు ప్రకారం వాడకం 47 శాతం దాకా పెరిగింది. రిచీ బృందం ఇచ్చిన ఓపెన్, రీడ్, రైట్ మాత్రం అలాగే నిలిచాయి.

1983లో రిచీ, థామ్సన్‌లకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2011 అక్టోబరులో, స్టీవ్ జాబ్స్ పోయిన వారానికి, న్యూజెర్సీలోని ఇంట్లో రిచీ చనిపోయి కనిపించారు.

ప్రోగ్రాం నెమ్మదిస్తే మా హాస్టల్లో మొదట వచ్చే సలహా ర్యామ్ పెంచమనే. బర్క్‌లీవాళ్లు ముందు కొలిచారు, తర్వాత కోడ్ విప్పారు. విప్పడానికి వాళ్ల చేతిలో సోర్స్ ఉంది. మన ప్రాజెక్టుల కోడ్ కూడా వచ్చే బ్యాచ్ జూనియర్ విప్పి చూడగలిగేలా రాసి పెడదాం. మనకు తట్టనిది వాళ్లకు తట్టొచ్చు.