మునగనున్న నేలను చదివిన రైస్నర్

నదికి ఆనకట్ట కట్టినచోట దిగువ పొలములకు నీరు అందుతుంది. ఎగువనున్న ఊళ్లు, గుళ్లు, శ్మశానములు నీటిపాలవుతాయి. ఆ నీరు రాకముందే నేలలో ఏమున్నదో తెలిసికొని వ్రాసి ఉంచుటకు ఒక పద్ధతిని ఏర్పరచినవారిలో జార్జి రైస్నర్ ముఖ్యుడు.

రైస్నర్ 1867లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున జన్మించినాడు. హార్వర్డు విశ్వవిద్యాలయములో సెమిటిక్ భాషలు చదివి, జర్మనీకి వెళ్లి ఈజిప్టు ప్రాచీన భాషను అభ్యసించినాడు. 1899 నుండి ఈజిప్టులో త్రవ్వకములు సాగించినాడు. ఆ కాలమున పలువురు త్రవ్వినది అందమైన వస్తువుల కొరకు. రైస్నరుకు మట్టిపొరల క్రమము, వస్తువు దొరికిన చోటు ముఖ్యములు. ఒకసారి త్రవ్విన చోటును మరల త్రవ్వుటకు వీలులేదు. అందుచేత ఛాయాచిత్రము, పటము, దినచర్య లేకుండ పని సాగరాదని ఆయన పట్టుపట్టినాడు. ఈజిప్టు పనివారికి ఛాయాగ్రహణము నేర్పించి, వారిచేత అరబ్బీలో దినచర్యలు వ్రాయించినాడు.

ఆ పద్ధతికి పెద్ద పరీక్ష నూబియాలో ఎదురైనది. 1902లో పూర్తియైన అస్వాను ఆనకట్టను ఇంకను ఎత్తు చేయుటకు 1907లో పని ఆరంభమైనది. నైలునది పొంగి తీరభూములు మునుగక తప్పదు. ముందుగా ఆ నేలను పరిశోధించుటకు ఈజిప్టు ప్రభుత్వము ధనమిచ్చి, 1907-08 నాటి మొదటి విడత పనిని రైస్నరుకు అప్పగించినది. అస్వాను చెంతనున్న షెల్లాలు మొదలుకొని దక్షిణముగా, గట్టు వెంట నేలను పరీక్షిస్తూ ఆయన బృందము నడచినది. శ్మశానము బయటపడినచోట ప్రతి సమాధికి అంకె వేసి, కుండలను, ఎముకలను పరిశీలించినారు. శాసనములు లేని ఆ ప్రాచీన ప్రజలకు పేరు తెలియదు. అందుచేత రైస్నర్ వారిని ఎ, బి, సి వర్గములని అక్షరములతో పిలిచినాడు. మొదటి విడత నివేదిక 1910లో వెలువడినది.

గీజాలో 1925లో బయటపడిన హెటెఫెరిస్ రాణి సమాధిలో కొయ్య శిథిలమై, బంగారు రేకులు చెల్లాచెదరుగా పడియుండెను. ప్రతి ముక్క ఉన్న చోటును గుర్తించినందుననే ఆమె మంచమును, కుర్చీని తిరిగి నిలుపగలిగినారు.

అయినను ఆయన తీర్పులన్నియు నిలువలేదు. సూడానులోని కెర్మాలో 1913-16 మధ్య త్రవ్విన మహాసమాధులు ఈజిప్టు అధికారులవని ఆయన భావించినాడు. నల్లజాతి ప్రజలను తక్కువగా ఎంచిన ఆనాటి దురభిప్రాయము ఆయనను కూడ వదలలేదు. అవి స్థానిక కుష్ రాజుల సమాధులని తరువాతివారు నిర్ధారించినారు. బి వర్గమనునది వేరుగా లేదని కూడ 1960లలో వాదము బలపడినది. ఈ పొరపాట్లను దిద్దుటకు పండితులు ఆయన అచ్చువేసిన ఆధారములనే తిరిగి చదివినారు.

చూపు దాదాపుగా కోల్పోయి, 1942లో గీజాలోని తన శిబిరముననే రైస్నర్ మరణించినాడు. తరువాత 1954-60 మధ్య కృష్ణాతీరమున నాగార్జునకొండ లోయను సాగరజలములు కప్పకముందు భారత పురావస్తుశాఖ త్రవ్వి చూచినది. రెండు నదుల ఒడ్డునను నేల మునిగినది. వ్రాసి ఉంచినది మిగిలినది. ఎ, సి వర్గములన్న పేర్లను పండితులు నేటికిని వాడుచున్నారు.