డాక్టర్లు వద్దన్న నర్సమ్మ – ఫ్లారెన్స్ నైటింగేల్



ఫ్లారెన్స్ నైటింగేల్ అంటే చేతిలో దీపం పట్టుకొని రాత్రిపూట రోగుల మధ్య తిరిగిన చల్లని తల్లి అని మనమందరం చదువుకున్నాం. అది నిజమే. కానీ దీపం పట్టుకొని వార్డులో తిరగాలంటే ముందు వార్డులోకి రానివ్వాలి కదా! రానివ్వనన్నది శత్రువులు కాదు, డాక్టర్లే. నేను ఆ సంగతి రాస్తున్నాను. మన హాస్టల్లో ఇంటరు అయ్యాక నర్సింగుకి వెళ్తామనే అక్కలు చాలామంది ఉన్నారు, వాళ్ళు తప్పకుండా చదవాలి.

ఆమె 1820 మే 12న ఇటలీ దేశంలోని ఫ్లారెన్స్ నగరంలో జన్మించింది. ఊరి పేరే పాపకి పెట్టేశారు. తల్లిదండ్రులు ఇంగ్లండులో బాగా ఆస్తిపరులు. తండ్రి విలియం గారు కూతుళ్ళిద్దరికీ ఇంటి దగ్గరే లాటిన్, గ్రీకు భాషలు నేర్పించాడు. ఫ్లారెన్స్‌కి లెక్కలంటే ప్రాణం. అంత గొప్పింటి పిల్ల నర్సు అవుతానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో అక్కడ నర్సులంటే తాగుబోతులని, వేరే పని దొరకనివాళ్ళని చిన్నచూపు. ఏళ్ళ తరబడి పట్టుబట్టి, చివరికి 1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో సుమారు మూడు నెలలు పని నేర్చుకుంది. 1853లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంట్ అయ్యింది.

1854లో క్రిమియా యుద్ధం జరుగుతోంది. దెబ్బలు తగిలిన బ్రిటిషు సిపాయిలను టర్కీలోని స్కుటారి అనే చోటికి ఓడల్లో తెచ్చేవాళ్ళు. అక్కడ పెద్ద బ్యారక్‌నే ఆసుపత్రి చేశారు. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు తెలిసినవాడు. ఆయన పంపిస్తే 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని నవంబరు 4న స్కుటారి చేరింది.

చూస్తే ఏముంది! వార్డులు చాలక వరండాల నిండా రోగులే. ఎలుకలు, పేలు, కంపు. బిల్డింగు కింద మురుగు కాలవలు పూడిపోయి ఉన్నాయి. అయినా మిలిటరీ డాక్టర్లు ఈ ఆడవాళ్ళని పనిలోకి పిలవలేదు. వాళ్ళకి కోపం ఒక్కటే కాదు, భయం కూడా ఉందని నాకు అనిపిస్తుంది. ఈమె మంత్రిగారి మనిషి, ఇక్కడి అధ్వాన్నం అంతా ఉత్తరం రాసి పంపిస్తుందేమో అని. (నిజంగానే బోలెడు ఉత్తరాలు రాసింది!)

అప్పుడు ఆమె గొడవ పడలేదు. డాక్టరు అడగనిదే ఏ నర్సూ వార్డులో అడుగు పెట్టకూడదని తనే రూలు పెట్టింది. అందరినీ కూర్చోబెట్టి కట్లకు గుడ్డలు, దిండ్లు, చొక్కాలు కుట్టించింది. పక్కన రోగులు మూలుగుతుంటే చూస్తూ కూర్చోవటం ఆ నర్సులకు ఎంత కష్టమో ఆలోచించండి. నాకైతే ఈ రూలు అంత నచ్చలేదు, రోగి ఏం పాపం చేశాడు? కానీ అలా కాకుండా తోసుకొని వెళ్ళి ఉంటే మర్నాడే అందరినీ ఓడ ఎక్కించేసేవారేమో.

నవంబరు 5నే ఇంకర్‌మాన్ యుద్ధం జరిగింది. కొద్ది రోజులకే గాయపడినవాళ్ళు, జబ్బుపడినవాళ్ళు గుంపులు గుంపులుగా వచ్చి పడ్డారు. ఇంక డాక్టర్లే వచ్చి పిలవాల్సి వచ్చింది. బ్రష్షులు కొనిపించి నేల కడిగించింది, ఇల్లు అద్దెకు తీసుకొని సిపాయిల భార్యలతో బట్టలు ఉతికించింది. 1855 ఫిబ్రవరిలో అక్కడ నూటికి 42 మంది చనిపోతుండగా, జూను నాటికి అది 2కి దిగింది. ఇది నర్సుల వల్లే కాదు, మార్చిలో లండన్ నుంచి శానిటరీ కమిషన్ వచ్చి మురుగు కాలవలు బాగు చేయించటం ముఖ్య కారణం.

అయినా అందరు డాక్టర్లూ మారలేదు. క్రిమియాలో మిలిటరీ డాక్టర్లకు పెద్ద అయిన జాన్ హాల్, ఆమె అధికారం టర్కీ వరకేనని, తన ఆసుపత్రుల్లో చెల్లదని అడ్డం తిరిగాడు. 1856 మార్చిలో ప్రభుత్వం ఆర్డరు వేస్తే గాని ఆ తగువు తీరలేదు.

ఇంటికి వచ్చాక, ప్రజలు ఇచ్చిన సుమారు 45 వేల పౌండ్ల నిధితో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సింగు స్కూలు పెట్టించింది. అక్కడా అదే గోల! ఆ ఆసుపత్రిలోనే పెద్ద సర్జన్ జాన్ సౌత్ అనే ఆయన, నర్సులు ఇంటి పనిమనుషుల వంటివారని, వాళ్ళకి పెద్దగా నేర్పాల్సింది ఏమీ లేదని 1857లోనే పుస్తకం వేశాడు.

ఇది చదివినప్పుడు నాకు మా పెద్దమ్మ కూతురు గుర్తొచ్చింది. జి.ఎన్.ఎం. ట్రైనింగులో ఉంది. వార్డులో ఒక డాక్టరు పేషెంట్ల ముందే ట్రే తోసేసి, ఏ కోటాలో సీటు వచ్చిందని అడిగాడంట. ఏయ్ అని తప్ప పేరుతో పిలవడంట. సెలవులకి వచ్చి మానేస్తానని ఏడ్చింది. మా పెద్దమ్మ ఏమీ అనలేదు, బస్సు ఛార్జీ చేతిలో పెట్టింది. అక్క వెళ్ళింది.

సెయింట్ థామస్‌లో మొదటి బ్యాచి 15 మంది. ఒక సంవత్సరం ట్రైనింగు, ఏడాదికి 10 పౌండ్లు, తిండి, యూనిఫారం, ఒక్కొక్కరికి విడిగా గది. (మన డార్మిటరీ వాళ్ళు ఈర్ష్య పడొద్దు!) డాక్టర్లతో క్లాసులు చెప్పించేవారు. విద్యార్థినులు రోజూ డైరీ రాయాలి. నైటింగేల్ గారు జబ్బుతో మంచం మీదే ఉన్నా ఆ డైరీలు తెప్పించుకొని చదివేది. క్లాసులు సరిగ్గా చెప్పటంలేదని 1870ల మొదట్లో బయటపడింది, అప్పుడు ఆ డాక్టరుని తప్పించి జాన్ క్రాఫ్ట్ అనే సర్జనుని పెట్టారు. పిల్లలకి పాఠం ఎగ్గొట్టిన డాక్టరు మారాడు, నర్సులు కాదు.

అక్కడ చదివిన లూసీ ఆస్‌బర్న్ అనే ఆమె 1868లో ఐదుగురు నర్సులతో ఆస్ట్రేలియాలోని సిడ్నీ వెళ్ళింది. అక్కడి డాక్టర్లలో కొందరు ఈమెను వెళ్ళగొట్టాలని చాలా చూశారు. 1873లో విచారణ కమిషన్ కూర్చొని ఆమెదే న్యాయమని తేల్చింది.

నైటింగేల్ గారు ఇండియాకు ఎప్పుడూ రాలేదు గాని మన పల్లెల నీళ్ళ గురించి, కరువుల గురించి ఎంతో రాసింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర మాటను సమర్థించింది. 1910 ఆగస్టు 13న 90వ ఏట చనిపోయింది. పూర్వం రాజులను పూడ్చిన వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చోటిస్తామన్నా ఇంటివాళ్ళు వద్దన్నారు. సొంత ఊరి దగ్గర ఈస్ట్ వెల్లో చర్చిలో ఆమె సమాధి ఉంది. దాని మీద పేరు కూడా పూర్తిగా లేదు, రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, అంతే.