గాన తపస్వి ఘంటసాల

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణాజిల్లా చౌటపల్లిలో జన్మించారు. సంగీతజ్ఞుడైన తండ్రి సూరయ్య బాల్యంలోనే గతించారు. కుమారుడు విద్వాంసుడు కావాలన్నది ఆయన కోరిక. దానిని నెరవేర్చడానికి ఘంటసాల ఒంటరిగా విజయనగరం చేరారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆశ్రయమిచ్చి గాత్రం నేర్పారు. చేతిలో పైకం లేనందున ఘంటసాల జోలె పట్టి, ఇంటింటా మధుకరమెత్తి ఆకలి తీర్చుకున్నారు. అయినా సాధన మానక, మహారాజా సంగీత కళాశాలలో పట్టా పొందారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో చెరసాలకు వెళ్ళారు. అనంతరం మదరాసు చేరి, చలనచిత్ర గానంలో అగ్రస్థానం అలంకరించారు. 1970లో పద్మశ్రీ అందుకుని, 1974 ఫిబ్రవరి 11న పరమపదించారు. నేడు తెలుగు చిత్రసీమకు నెలవైన హైదరాబాదు ఫిల్మ్‌నగర్‌లో అడుగుపెట్టే యువగాయకులకు ఆయన జీవితమే తొలి పాఠం: కీర్తికి పునాది కఠోర సాధన.