చెరకు తోటల కూలీలకు దొరికిన లాయరు

లేబర్ కోర్టు మెట్లెక్కినవాళ్లకు ఈ తిప్పలు తెలుసు. కాగితం అరబ్బీలో ఉంటది, చదవలేం. క్యాంపేమో ఊరి బయట, లాయరేమో సిటీలో. ఫీజు అడిగితే మూడు నెలల జీతం చెప్తాడు. ఇది మనకొక్కళ్లకే వచ్చిందనుకోకండి. వంద నూటయాభై ఏళ్ల కింద కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి ఓడలెక్కి చెరకు తోటలకు పోయిన మన తెలుగువాళ్లూ ఇదే పడ్డారు. అలాంటి కూలీల పక్కన నిలబడ్డ మణిలాల్ డాక్టర్ పేరు మారిషస్‌లో, ఫిజీలో ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు. మన దగ్గరే తక్కువమందికి తెలుసు.

డాక్టర్ అన్నది ఇంటిపేరు, ఆయన వైద్యుడు కాదు. 1881లో బరోడాలో పుట్టిన గుజరాతీ. లండన్‌లో బారిస్టరు చదువుతుండగా గాంధీజీ పరిచయమయ్యారు. గాంధీజీ 1901లో మారిషస్‌లో కొన్నాళ్లు ఆగి, అక్కడి మనవాళ్ల స్థితి కళ్లారా చూశారు. ఆయన మాట మీదే మణిలాల్ 1907 అక్టోబరులో ఆ దీవిలో దిగారు.

అప్పటి లెక్క వినండి. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. పని ఎగ్గొడితే జీతం పోవడమే కాదు, అది నేరం కూడా. కూలీ బోనులో ఒంటరిగా నిలబడేవాడు, తోట దొర వైపు అన్నీ ఉండేవి. లాయర్లంతా పట్నంలో, దొరల కేసుల్లో. మణిలాల్ ఆ బోను పక్కకు వచ్చారు, చాలాసార్లు నామమాత్రపు ఫీజుతో. కోర్టులో తలపాగా తీయమంటే తీయలేదు. ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ, బోనులో ఉన్న కూలీకి అది ఎంత ధైర్యమో మీరే ఊహించుకోండి. 1909లో 'హిందుస్థానీ' పత్రిక పెట్టారు. అదే ఏడు రాయల్ కమిషన్ ముందు కూలీల గోడు వినిపించారు. 1910లో మారిషస్‌కు కొత్త కూలీలను తేవడం ఆగింది.

ఫిజీలోనూ అదే కరువు. తోతారాం సనాఢ్య అనే ఆయన, గిర్మిట్ మీద పోయి గడువు తీరినవాడు, మాకో లాయరును పంపండని గాంధీజీకి ఉత్తరం రాశారు. ఆ విన్నపం 'ఇండియన్ ఒపీనియన్'లో అచ్చయింది. అది చూసి మణిలాల్ 1912లో ఫిజీ చేరారు. అప్పటికి మద్రాసు ఓడల్లో తెలుగువాళ్లు కూడా ఆ తోటలకు వస్తున్నారు.

(మధ్యలో ఒకమాట. మన ఎంబసీల్లో 2009 నుంచి భారతీయ సముదాయ సంక్షేమ నిధి ఉంది. కేసుల్లో ఇరుక్కున్న పేదవాళ్లకు న్యాయ సాయం దాని పనుల్లో ఒకటి. చాలామంది అడగనే అడగరు. అడగండి.)

ఫిజీలో గిర్మిట్ 1920 జనవరి 1న రద్దయింది. అదే నెల సువాలో కూలీలు సమ్మెకు దిగారు. మణిలాల్ భార్య జయకుంవర్ ఆడవాళ్లను కూడగట్టారు. సర్కారు ఆ దంపతుల మీద ఆంక్షలు పెట్టి దేశం విడిచేలా చేసింది. ఆ తర్వాత న్యూజిలాండ్‌లో ప్రాక్టీసుకు అనుమతి దొరకలేదు. ఇతరుల కేసులు వాదించినందుకు తన బతుకుతెరువే పోయింది. చివరికి ఏడెన్‌లో కొన్నేళ్లు ప్రాక్టీసు చేశారు. 1956 జనవరి 8న బొంబాయిలో కన్నుమూశారు.