బంగారు గడప

హైదరాబాదులో ఆబిడ్స్ కూడలికి అనతిదూరంలో, నాంపల్లి స్టేషన్‌కు వెళ్లే దారిలో ఒక పాతకాలపు భవనం ఉంది. దాని పేరు ‘గోల్డెన్ త్రెషోల్డ్’, అంటే బంగారు గడప. ఒక పుస్తకం పేరు ఇంటికి రావడం అరుదైన విషయం. ఈ ఇంటికి ఆ పేరు ఒక కవితాసంపుటి వల్ల వచ్చింది. ఆ సంపుటిని రచించిన సరోజినీ నాయుడు జాతీయోద్యమ నాయకురాలిగా లోకానికి సుపరిచితులు. ఆమె కవయిత్రిగా ఎట్లా రూపొందారన్నది అంతగా ప్రచారంలో లేని కథ.

సరోజిని 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో జన్మించింది. తల్లి వరదసుందరి. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయ ఎడింబరో విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొంది, నిజాం రాజ్యానికి వచ్చి విద్యావ్యాప్తికి పాటుపడిన బెంగాలీ పండితుడు. ఆయన నెలకొల్పిన కళాశాలే తరువాత నిజాం కళాశాలగా ప్రసిద్ధి కెక్కింది. చాందా రైలుమార్గం వ్యవహారంలో ప్రభుత్వాన్ని ప్రశ్నించినందుకు 1883లో ఆయన రాజ్య బహిష్కరణకు గురై, కొంతకాలానికి తిరిగి వచ్చారు. ఆయన ఇంటి తోటలో నిత్యం ఒక సభ జరిగేది. అన్ని మతాల విద్వాంసులు, రాజులు, సాధువులు, బిచ్చగాళ్లు ఆ చెట్ల నీడలో సమానంగా కూర్చునేవారు. ఆయనకు రసవాదంపై మక్కువ ఎక్కువ. లోహాన్ని బంగారంగా మార్చే ప్రయత్నంలో సంపాదనలో చాలా భాగం కరిగిపోయింది. తండ్రి రసవాదానికీ తన కవిత్వానికీ మూలం ఒకే తపన అని సరోజిని తరువాతి కాలంలో భావించేవారు.

కుమార్తెను గణితవేత్తగానో శాస్త్రవేత్తగానో చూడాలని తండ్రి ఆకాంక్ష. ఇంగ్లీషు మాట్లాడనని మొండికేసినందుకు తొమ్మిదో ఏట ఆమెను ఒక రోజంతా గదిలో ఉంచి శిక్షించారు. నాటినుంచి తండ్రితో ఇంగ్లీషులోనే సంభాషణ సాగింది. తల్లి మాత్రం హిందుస్తానీలో మాట్లాడేవారు. పదకొండో ఏట ఒకనాడు బీజగణితంలో లెక్క ఎంతకూ తెగక నిట్టూరుస్తూ కూర్చున్న ఆ బాలికకు లెక్కకు బదులు ఒక పద్యం తోచింది. వెంటనే రాసుకొంది. పన్నెండో ఏట మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణురాలై దేశమంతటా పేరు పొందింది.

అంత చిన్న వయసులో అంతటి శ్రమ దేహాన్ని కుంగదీయక మానదు. పదమూడో ఏట ఆమె ఆరోగ్యం దెబ్బతిన్నది. పుస్తకం ముట్టరాదు, పూర్తి విశ్రాంతి తీసుకోవలసిందేనని వైద్యుడు ఆజ్ఞాపించాడు. చదువు ఆగిపోయింది. చేయవలసిన పని లేదు, అప్పజెప్పవలసిన పాఠం లేదు, సాధించవలసిన లెక్క లేదు. చురుకైన మనసుకు అంతకు మించిన ఖాళీ ఏముంటుంది? ఆ ఖాళీలోనే ఆమె ఆంగ్లకవి వాల్టర్ స్కాట్ ఫక్కీలో ఒక దీర్ఘకావ్యానికి శ్రీకారం చుట్టింది. ఆరు రోజుల్లో పదమూడు వందల పంక్తులు పూర్తయ్యాయి. అంతటితో ఆగక రెండు వేల పంక్తుల నాటకం కూడా రాసింది. ఈ నాటకం ముందుగా ఆలోచించి రాసింది కాదు. చదవవద్దన్న వైద్యుడి మీద ఉక్రోషంతో అప్పటికప్పుడు మొదలుపెట్టింది. పుస్తకం ముట్టవద్దన్నాడే గాని, పుస్తకం రాయవద్దని ఆయన చెప్పలేదు గదా!

ఈ పంతానికి ఆమె మూల్యం చెల్లించక తప్పలేదు. ఆనాటినుంచి అనారోగ్యం జీవితాంతం వెన్నంటింది. అయినా పద్నాలుగు, పదహారేళ్ల మధ్య కాలంలో ఆమె విస్తారంగా చదివింది, ఒక నవల రాసింది, లావుపాటి దినచర్య పుస్తకాలు నింపింది. ఆ బాల్యరచనల్లో అనుకరణ పాలు ఎక్కువే. కాని విద్యాలయం ఇవ్వని అభ్యాసం ఆమెకు ఆ నిర్బంధ విశ్రాంతిలోనే లభించింది.

1895లో నిజాం ప్రభువు ఇచ్చిన ప్రత్యేక విద్యార్థివేతనంతో సరోజిని ఇంగ్లండు వెళ్లారు. లండన్ కింగ్స్ కళాశాలలోనూ, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోనూ చదివారు. అక్కడ ఆమె కవితలను చూసిన విమర్శకుడు ఎడ్మండ్ గాస్ వాటి నిర్మాణ నైపుణ్యాన్ని గుర్తించారు గాని తృప్తి చెందలేదు. ఎన్నడూ ఎరుగని ఇంగ్లీషు పిట్టలనూ పల్లెలనూ వర్ణించడం మాని, తన దేశపు కొండలను, తోటలను, ఆలయాలను, మనుషులను కవిత్వంలోకి తెమ్మని హితవు చెప్పారు. ఆ యువకవయిత్రి తాను రాసిన దాన్ని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. పొగడ్తకోసం ఎదురుచూసే వయసులో అది సామాన్యమైన విషయం కాదు. ఇంతలో ఆరోగ్యం మరల క్షీణించి గిర్టన్ చదువు అర్ధంతరంగా ముగిసింది. ఇంగ్లండులో ఉన్న కాలంలోనే కొంతకాలం ఇటలీలో సంచరించి, 1898 సెప్టెంబరులో హైదరాబాదు చేరుకొన్నారు.

ఆ డిసెంబరులో మద్రాసులో డాక్టర్ గోవిందరాజులు నాయుడుతో ఆమె వివాహం జరిగింది. కులాంతర వివాహం కావడంతో ఆనాటి సమాజంలో సంచలనం కలిగించింది. కందుకూరి వీరేశలింగం పంతులు దానిని జరిపించారు. వైద్యుడి మాటను ధిక్కరించి కవయిత్రి అయిన బాలిక వైద్యుణ్ణే వరించడం ఒక చమత్కారం! నలుగురు పిల్లల పెంపకం నడుమ ఆమె రాసుకొన్న కవితలు 1905లో ‘గోల్డెన్ త్రెషోల్డ్’గా లండన్‌లో వెలువడ్డాయి. పల్లకి మోసే బోయీలు, నేతగాళ్లు, కోరమాండల్ తీరపు జాలరులు, సంధ్యవేళ హైదరాబాదు నగరం అందులో కనిపిస్తారు. గాస్ కోరిన భారతదేశం అదే.

1912లో, 1917లో మరి రెండు సంపుటాలు వచ్చాయి. ఆ తరువాత దేశం ఆమెను పిలిచింది. 1925లో కాన్పూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. 1930లో ధరాసనలో ఉప్పు సత్యాగ్రహానికి నాయకత్వం వహించారు. రైళ్లలో, సభల్లో, కారాగారాల్లో గడిచిన ఆ జీవితంలో కవిత్వానికి తీరిక చిక్కలేదు. 1927 జూలై, ఆగస్టు నెలల్లో మాత్రం కవిత్వం మరొకసారి వెల్లువెత్తింది. ఆ కవితలను ఆమె ప్రచురించలేదు. 1949 మార్చి 2న యునైటెడ్ ప్రావిన్సెస్ (నేటి ఉత్తరప్రదేశ్) గవర్నరుగా ఉండగానే లక్నోలో కన్నుమూశారు. 1961లో కుమార్తె పద్మజా నాయుడు ఆ కవితలను ‘ఫెదర్ ఆఫ్ ది డాన్’ పేరుతో వెలుగులోకి తెచ్చారు.

నాంపల్లి దారిలోని ఆ భవనం నాయుడు కుటుంబం నుంచి విశ్వవిద్యాలయానికి సంక్రమించింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదట ఆ గదుల్లోనే పనిచేసి, తరువాత గచ్చిబౌలికి తరలిపోయింది.