ఖంభాత్ నుంచి హైదరాబాద్ దాకా: జస్టిస్ బద్రుద్దీన్ తయ్యబ్జీ ఖాందాన్

బీర్కూర్, బాన్సువాడ వైపు పొలాలకు నీళ్లిచ్చే నిజాంసాగర్‌ను 1923 నుంచి 1931 దాకా కట్టారు. అప్పుడు నిజాం సర్కారులో ఆర్థిక శాఖ చూసింది సర్ అక్బర్ హైదరీ. ఆయన భార్య అమీనా బేగంది బొంబాయి తయ్యబ్జీల పుట్టిల్లు. జస్టిస్ బద్రుద్దీన్ తయ్యబ్జీకి ఆమె సోదరుడి కూతురు. జడ్జి సాబ్ పేరు చాలామంది విన్నదే. ఆ ఖాందాన్ ఎక్కడిదో, మన దాకా ఎలా వచ్చిందో తక్కువమందికి తెలుసు.

వీళ్లు సులైమానీ బోహ్రాలు. పూర్వీకులు అరబ్బు నేల నుంచి గుజరాత్‌లోని ఖంభాత్ రేవుకు వచ్చి స్థిరపడ్డారు. తండ్రి తయ్యబ్ అలీ బొంబాయిలో వ్యాపారి. ఇంగ్లీషు చదువంటే మనవాళ్లు భయపడే రోజుల్లోనే కొడుకుల్ని విలాయత్ పంపారు. వారిలో కమ్రుద్దీన్ ఇంగ్లండ్‌లో సొలిసిటర్ అయిన తొలి భారతీయుడు. ఇంకో సంగతి, ఈ కుటుంబం గుజరాతీ వదిలి ఇంటి భాషగా ఉర్దూ తెచ్చుకుంది. లెక్కలన్నీ గుజరాతీలో నడిచే వ్యాపారుల ఇంట్లో ఇది చిన్న మాట కాదు. తర్వాత హైదరాబాద్‌తో చుట్టరికం కుదరడానికి ఆ ఉర్దూ కూడా పనికొచ్చిందని నాకనిపిస్తుంది.

బద్రుద్దీన్ 1844లో పుట్టారు. లండన్‌లో చదువుతుండగా కళ్లు దెబ్బతిని మధ్యలో ఇంటికి రావాల్సి వచ్చింది. మళ్లీ వెళ్లి 1867లో బారిస్టర్ అయ్యారు. అంజుమనే ఇస్లాం స్థాపనలో ముందున్నారు. 1882లో బొంబాయి శాసనమండలి సభ్యుడు, 1887లో మద్రాసు కాంగ్రెస్ అధ్యక్షుడు. అందుకు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌తో విభేదం వచ్చినా వెనక్కి తగ్గలేదు. 1895లో హైకోర్టు జడ్జి అయ్యారు. 1897లో రాజద్రోహం కేసులో తిలక్‌కు బెయిల్ ఇచ్చింది ఈయనే. 1906లో లండన్‌లో ఇంతికాల్ అయ్యారు.

ఇదంతా కోర్టు కాగితాల్లో దొరుకుతుంది. ఇంటి కథ మాత్రం వేరే చోట ఉంది. తయ్యబ్జీల ఇళ్లల్లో అఖ్బార్ అనే పుస్తకాలు పెట్టేవారు. పెళ్లిళ్లు, ప్రయాణాలు, పిల్లల చదువులు అన్నీ అందులోకి ఎక్కేవి. ఆడవాళ్లూ రాసేవారు. మన ఇళ్లల్లో పర్‌దాదా పేరు అడిగితే ఎంతమంది ఆగకుండా చెప్పగలం? నానీ వాళ్ల అమ్మ పేరైతే ఇంకా కష్టం.

ఆడవాళ్లు కూడా రాసుకున్న ఇల్లు కాబట్టే వాళ్ల పేర్లు నిలిచాయి. జడ్జి సాబ్ పర్దా కట్టుబాట్లు సడలాలన్నారు, కూతుళ్లను ఇంగ్లండ్ బడికి పంపారు. అమీనా బేగం 1908 మూసీ వరదల్లో బాధితుల కోసం పనిచేసి కైసరే హింద్ పతకం అందుకున్నారు. జడ్జి సాబ్ మనవడు, ఆయన పేరే పెట్టుకున్న బద్రుద్దీన్, ఐసీఎస్ అధికారి, తర్వాత అలీగఢ్ వైస్ ఛాన్సలర్. ఆయన భార్య సురయ్యా మన హైదరాబాద్ ఆడపడుచు. 1947లో అశోక చక్రంతో జాతీయ జెండా నమూనాను ఆమె చూస్తుండగానే కుట్టారని ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ చెబుతారు.